లోపలి లెక్కలకి ఏ ఫార్మాట్? సరిహద్దు వ్యాపారాల కోసం ఎక్సెల్, టాలీ, జీఎస్టీ జేసన్, ఎక్స్‌బీఆర్‌ఎల్ పోలిక

పర్లాకిమిడిలో జీడిపిక్కలు కొని పలాసలో పప్పు తీయించి అమ్మేవాళ్ళు, గుణుపురం, రాయగడ వైపు రైస్ మిల్లు పెట్టుకుని పార్వతీపురంలో గోడౌన్ ఉంచుకున్నవాళ్ళు, బరంపురంలో హెడ్డాఫీసు పెట్టి ఇచ్ఛాపురం, సోంపేటల్లో షాపులు నడిపేవాళ్ళు, వీళ్ళందరూ ఈ మధ్య అడుగుతున్న ప్రశ్న ఒకటే. ఆడిటర్ గారు ఎక్స్‌బీఆర్‌ఎల్ అంటున్నారు, సాఫ్ట్‌వేర్ వాళ్ళు జేసన్ అంటున్నారు, మా గుమస్తా ఎక్సెల్ చాలంటున్నాడు, ఏది చెయ్యమంటారు? (ఎక్స్‌బీఆర్‌ఎల్ అంటే ప్రతి అంకెకీ అదేమిటో చెప్పే గుర్తు, అంటే ట్యాగ్, తగిలించి రిపోర్టు ఇచ్చే పద్ధతి. జేసన్ అంటే సాఫ్ట్‌వేర్లు చదువుకునే ఒక రకం డేటా ఫైలు.)

చాలామంది కిందిదాకా చదవరు కాబట్టి నా మాట ముందే చెప్పేస్తాను. ఒక అంకె సంస్థలో ఒకే చోట పుట్టాలి, బ్యాంకుకి, జీఎస్టీకి, ఆడిటర్‌కి, ఆర్వోసీకి (కంపెనీల రిజిస్ట్రార్‌కి) అన్నిటికీ అక్కడి నుంచే వెళ్ళాలి. దీనికి ముందు కావలసింది అన్ని బ్రాంచీలకీ ఒకే కోడ్ల పట్టీ (ఒక్కో ఖాతాకి ఒక్కో కోడ్ ఇచ్చిన జాబితా), ఫైలు ఏ ఫార్మాట్‌లో ఉండాలన్నది ఆ తర్వాతి మాట. పట్టీ లేకుండా ఖరీదైన ఎక్స్‌బీఆర్‌ఎల్ సాఫ్ట్‌వేర్ కొంటే అది ఏడాదికోసారి రిటర్ను వేయడానికే పనికొస్తుంది. పట్టీ ఉంటే మామూలు సీఎస్‌వీ ఫైలుతోనే (గడుల మధ్య కామాలు పెట్టిన సాదా ఫైలు) పని చాలావరకు తేలిక అవుతుంది.

## ముందు ఇవి తేల్చుకోండి

అన్నిటికన్నా ముందు చూడాల్సింది, మీ దగ్గర ఒకే అంకెని ఎంతమంది అడుగుతున్నారన్నది. సరుకు నిల్వనే తీసుకోండి. నెలనెలా స్టాక్ స్టేట్‌మెంట్‌గా బ్యాంకుకి వెళ్తుంది, దాని మీదే డ్రాయింగ్ పవర్, అంటే ఎంత అప్పు వాడుకోవచ్చో, లెక్కగడతారు. మార్చి 31 నాటి నిల్వ బ్యాలెన్స్ షీట్‌లోకి వస్తుంది. కంపెనీ అయితే ఏఓసీ-4 అనే వార్షిక లెక్కల ఫారంతో ఆర్వోసీకి పోతుంది. లోన్ రెన్యువల్‌కి బ్యాంకు అడిగే సీఎంఏ డేటాలో (పాత లెక్కలు, రాబోయే ఏళ్ళ అంచనాలు) మళ్ళీ అదే. ఇవి ఒకదానితో ఒకటి సరిపోకపోయినా ఒకప్పుడు పట్టించుకునేవాళ్ళు తక్కువ. ఇప్పుడు అలా కుదరదు. 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన కంపెనీల చట్టం షెడ్యూల్ 3 (బ్యాలెన్స్ షీట్ ఎలా ఉండాలో చెప్పేది) సవరణ ప్రకారం, సరుకు, బాకీల హామీ మీద బ్యాంకు అప్పు తీసుకున్న కంపెనీ తను బ్యాంకుకిచ్చిన త్రైమాసిక స్టేట్‌మెంట్లు పుస్తకాలతో సరిపోయాయో లేదో, సరిపోకపోతే తేడా ఎంతో, ఎందుకొచ్చిందో ఫైనాన్షియల్ స్టేట్‌మెంట్లలోనే చెప్పాలి. వర్కింగ్ క్యాపిటల్ లిమిట్ 5 కోట్లు దాటితే కారో 2020 (కంపెనీ ఆడిటర్ రిపోర్టులో ఏముండాలో చెప్పే ఆర్డర్) కింద ఆడిటర్ కూడా విడిగా రాయాలి. అంటే గోడౌన్‌లో గుమస్తా ఒక లెక్క, ఆఫీసులో అకౌంటెంట్ ఇంకో లెక్క పంపితే ఆ తేడా ఏడాది చివర అచ్చులో కనబడుతుంది.

రెండోది, ఎన్ని జీఎస్టీ నంబర్లు, ఎన్ని సాఫ్ట్‌వేర్లు. మన వైపు ఒకే పాన్ మీద 21తో మొదలయ్యే ఒడిశా నంబరు, 37తో మొదలయ్యే ఆంధ్ర నంబరు ఉండటం మామూలే. అటు సిరొంచ, ధర్మాబాద్ వైపు మనవాళ్ళకైతే మహారాష్ట్ర 27, తెలంగాణ 36. వ్యాపారం ఒకటే, జీఎస్టీ దృష్టిలో ఇద్దరు వేర్వేరు మనుషులు. ఈ ఒక్క విషయమే సరిహద్దు వ్యాపారాన్ని మిగతావాటి నుంచి వేరు చేస్తుంది. దీని సంగతి కింద జీఎస్టీ జేసన్ దగ్గర వివరంగా రాశాను.

మూడోది, తప్పు ఎక్కడ దొరుకుతుంది. ఎంట్రీ వేసినప్పుడే దొరికితే ఐదు నిమిషాల పని. ఆడిట్‌లో దొరికితే వారం. డిపార్ట్‌మెంట్ నోటీసులో దొరికితే ఎంత టెన్షనో చెప్పనక్కర్లేదు.

ఇంకా రెండున్నాయి, ఇవి త్వరగా చెప్పేస్తాను. రేపు సాఫ్ట్‌వేర్ మారిస్తే పాత లెక్కలు మీ చేతికి వస్తాయా, ఆ కంపెనీ దగ్గరే ఉండిపోతాయా? ఇప్పుడు నడుపుతున్న మనిషి మానేస్తే వచ్చే మనిషి రెండు వారాల్లో అందుకోగలడా? మన ఊళ్ళలో మంచి అకౌంటెంట్ దొరికితే రెండేళ్ళకి వైజాగో భువనేశ్వరో వెళ్ళిపోతాడు, ఇది దాచుకునే సంగతి కాదు.

## ఒక్క చూపులో

| ఏ దారి | తప్పు ఎప్పుడు దొరుకుతుంది | రెండు రాష్ట్రాల లెక్క కలపడం | సాఫ్ట్‌వేర్ మారిస్తే | ఎవరు నడపగలరు |
|---|---|---|---|---|
| ఎక్సెల్ పట్టీ | ఎవరైనా చూస్తేనే | చేత్తో చెయ్యాలి | ఇబ్బంది లేదు | ఎవరైనా |
| టాలీ సొంత ఎక్స్‌ఎంఎల్ | లెడ్జర్ పేరు సరిపోకపోతే దొరుకుతుంది | పేర్లు ఒకటే అయితే తేలిక | మార్పిడి పని ఉంటుంది | మామూలు అకౌంటెంట్ |
| జీఎస్టీ, ఈ-ఇన్వాయిస్ జేసన్ | అప్‌లోడ్ చేసేటప్పుడు | అమ్మకాలకే, అదీ జాగ్రత్తగా | ఇబ్బంది లేదు | జీఎస్టీ తెలిసిన మనిషి |
| ఎక్స్‌బీఆర్‌ఎల్, ఏడాది చివర బయట చేయించడం | రిటర్ను రోజున | సంబంధం లేదు | సంబంధం లేదు | బయటివాళ్ళు |
| ఎక్స్‌బీఆర్‌ఎల్ లోపలే వాడటం | రిపోర్టు తయారయ్యేటప్పుడే | బాగా కుదురుతుంది | ఇబ్బంది లేదు | ట్రైనింగ్ ఉన్న ఒక మనిషి కావాలి |
| ఎక్స్‌బీఆర్‌ఎల్ జీఎల్ | ప్రతి జర్నల్ ఎంట్రీ దగ్గర | అన్నిటికన్నా బాగా | ఇబ్బంది లేదు | ఐటీ మనిషి కావాలి |

పట్టికలో కనబడే తేడా ఇంతే. అసలు తేడా పనిలోకి దిగాక తెలుస్తుంది.

## ఎక్సెల్ పట్టీ

ఒకే చోటు, ఒకే నంబరు, ఒకే గుమస్తా ఉన్నవాళ్ళకి ఎక్సెల్ చాలు. దాన్ని తక్కువ చెయ్యను. కానీ అది అంకెల్ని తనంతట తను మార్చేస్తుంది, అదే ప్రమాదం. జీడిపప్పు వ్యాపారం చేసేవాళ్ళకి మొదటి దెబ్బ హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ (జీఎస్టీలో సరుకుకి ఇచ్చే నంబరు) దగ్గరే తగులుతుంది. జీడి కోడ్ 0801. మామూలు సెల్‌లో టైపు చేసి ఎంటర్ కొట్టండి, 801 అయిపోతుంది. పిక్కలు 080131, పప్పు 080132, ఇవీ అంతే, ముందున్న సున్నా ఎగిరిపోయి ఐదంకెలవుతాయి. ఆ ఫైలు రెండు చేతులు మారాక అది అసలు ఏ కోడో పోల్చుకునేవాళ్ళుండరు. 16 అంకెల బ్యాంకు అకౌంట్ నంబరు వేస్తే ఎక్సెల్ 15 అంకెల వరకే ఉంచుకుని చివరిది సున్నా చేస్తుంది. 03-04-2025 అని రాస్తే కంప్యూటర్ సెట్టింగును బట్టి అది ఏప్రిల్ 3 కావచ్చు, మార్చి 4 కూడా కావచ్చు, అంటే సరుకు కొన్న ఆర్థిక సంవత్సరమే మారిపోతుంది.

ఎక్సెలే వాడేటట్టయితే కోడ్లు, అకౌంట్ నంబర్లు ఉండే నిలువు వరుసల్ని డేటా పెట్టకముందే టెక్స్ట్ ఫార్మాట్‌కి మార్చండి. తేదీలు 2025-04-03 పద్ధతిలో రాయించండి. కోడ్లని డ్రాప్‌డౌన్ లిస్టులోంచే ఎంచుకునేలా పెట్టి, టైపు చెయ్యనివ్వకండి. సీఎస్‌వీ ఫైలుని రెండుసార్లు క్లిక్ చేసి తెరవకుండా డేటా మెనూలోంచి ఇంపోర్ట్ చేసుకోండి, తెలుగు, ఒడియా అక్షరాలున్నా యూటీఎఫ్-8 ఎంచుకుంటే చెడిపోవు.

## టాలీ ఉన్నదున్నట్టు

మన వైపు సగానికి పైగా చోట్ల టాలీయే ఉంటుంది, అది ఎక్స్‌ఎంఎల్‌లో (సాఫ్ట్‌వేర్ల మధ్య డేటా మార్చుకునే ఒక ఫైలు రకం) డేటా ఇస్తుంది, తీసుకుంటుంది. పర్లాకిమిడి టాలీలోంచి తీసి పలాస టాలీలో పెట్టడం పెద్ద పని కాదు. చిక్కంతా పేర్ల దగ్గర. ఒక చోట లెడ్జర్ పేరు పర్లాకిమిడి బ్రాంచ్, ఇంకో చోట పారలాఖేముండి యూనిట్. బరంపురం అని తెలుగు గుమస్తా పెడతాడు, బ్రహ్మపూర్ అని ఒడియా గుమస్తా పెడతాడు. ఇద్దరిదీ తప్పు లేదు, కానీ కంప్యూటర్‌కి అవి రెండు వేర్వేరు ఖాతాలు. ఏడాది చివర కలిపేటప్పుడు ఒక దాంట్లో డెబిట్, ఇంకో దాంట్లో క్రెడిట్ మిగిలిపోతుంది, అవి ఒకదానికొకటి కొట్టుకుపోవాలని గుర్తుపట్టే మనిషి కావాలి.

కొలతల దగ్గర ఇంకా ఘోరం. బస్తా అంటే ఎంత? పలాస వైపు జీడిపిక్కల బస్తా 80 కిలోలు. బియ్యం బస్తా 25 కావచ్చు, 50 కావచ్చు. ఒడిశా మండీలో ధాన్యం క్వింటాళ్ళలో నడుస్తుంది. స్టాక్ ఐటమ్‌కి యూనిట్ బస్తా అని మాత్రమే పెట్టి వదిలేస్తే రెండు గోడౌన్ల నిల్వ కలిపిన అంకెకి అర్థమే ఉండదు. జీఎస్టీ యూనిట్ల పట్టీలో బ్యాగ్ ఉంది, కేజీ ఉంది, క్వింటాల్ ఉంది. నా సలహా, పుస్తకాల్లో మూల యూనిట్ ఎప్పుడూ కిలోయే పెట్టండి, బస్తాని దానికి గుణకంగా ఐటమ్‌కొకటి విడిగా పెట్టుకోండి.

టాలీలో లెడ్జర్‌కి అలియాస్, అంటే రెండో పేరు, పెట్టుకునే వీలుంది, చాలామంది దాన్ని ఖాళీగా వదిలేస్తారు. మీ ప్రామాణిక కోడ్ అక్కడ పెట్టండి. పేరు ఎవరిష్టం వచ్చినట్టు వాళ్ళు పెట్టుకున్నా అలియాస్‌లో ఒకే కోడ్ ఉంటే కలపడం నిమిషాల పని. పైసా ఖర్చు లేదు. ఈ వ్యాసంలో ఒక్క పనే చేస్తామంటే ఇదే చెయ్యమంటాను.

## జీఎస్టీ జేసన్‌నే ఆధారం చేసుకుంటే?

ఎలాగూ నెలనెలా జీఎస్టీఆర్-1 (అమ్మకాల రిటర్ను) జేసన్ తయారు చేస్తున్నాం, ఈ-ఇన్వాయిస్ (పోర్టల్‌లో నమోదు చేసే బిల్లు) కూడా జేసనే, దాన్నే లోపలి రిపోర్టులకీ వాడితే సరిపోదా అని చాలామంది అడుగుతారు. వినడానికి బాగుంటుంది. ఈ-ఇన్వాయిస్ స్కీమా దేశమంతటికీ ఒకటే, ఏ గడిలో ఏముండాలో ఖాయం, తప్పుంటే పోర్టల్ తీసుకోదు. 2020 అక్టోబర్ 1న 500 కోట్ల టర్నోవర్ పైన ఉన్నవాళ్ళతో మొదలై, 2023 ఆగస్టు 1 నుంచి 5 కోట్లు దాటినవాళ్ళందరికీ వచ్చింది. మన దేశంలో చిన్న వ్యాపారి దాకా చేరిన ప్రామాణిక డేటా ఫార్మాట్లలో ఇదొకటి.

కానీ సరిహద్దు వ్యాపారానికి ఇది మూలం కాలేదు. ఎందుకో ఒక ఉదాహరణతో చూద్దాం. ఒక జీడి సంస్థకి పర్లాకిమిడిలో ఒక నంబరు, పలాసలో ఒక నంబరు. పర్లాకిమిడిలో కొన్న పిక్కలు 1 కోటి 20 లక్షల సరుకు పలాసకి పంపింది. పలాస నుంచి బయటివాళ్ళకి 4 కోట్ల 40 లక్షల పప్పు అమ్మింది. పుస్తకాల్లో ఆదాయం 4 కోట్ల 40 లక్షలే, సొంత బ్రాంచీకి పంపింది అమ్మకం కాదు. జీఎస్టీలో మాత్రం వేరే రాష్ట్రపు సొంత నంబరుకి పంపినా అది సప్లయే, ఐజీఎస్టీ (రాష్ట్రాల మధ్య సప్లయి మీద పన్ను) వేసి ఇన్వాయిస్ రాయాల్సిందే. కాబట్టి రెండు నంబర్ల జేసన్లూ కలిపితే వచ్చేది 5 కోట్ల 60 లక్షలు. దీన్నే లాభనష్టాల రిపోర్టుకి ఆధారం చేసుకుంటే టర్నోవర్ ఉబ్బిపోయి, మార్జిన్ తక్కువ కనబడుతుంది, బ్యాంకు మేనేజర్ వేరే అర్థం చేసుకుంటాడు.

దీనికి రెండో వైపు కూడా ఉంది, ఇది చాలామంది గమనించరు. జీఎస్టీ చట్టంలో మొత్తం టర్నోవర్ లెక్క పాన్ మీద, దేశమంతా కలిపి కడతారు, ఒకే పాన్ ఉన్న నంబర్ల మధ్య రాష్ట్రాలు దాటే సప్లయిలు కూడా అందులో చేరతాయి. అంటే పై సంస్థ పుస్తకాల్లో 4 కోట్ల 40 లక్షలే కదా అని ఊరుకుంటే కుదరదు, జీఎస్టీ లెక్కలో 5 కోట్లు దాటింది, ఈ-ఇన్వాయిస్ పరిధిలోకి వచ్చేసింది. కాబట్టి లోపలి లెక్కలో ఒకే లావాదేవీకి రెండు గుర్తులుండాలి, పుస్తకాలకి ఇది బ్రాంచ్ ట్రాన్స్‌ఫర్, జీఎస్టీకి ఇది సప్లయి.

కొనుగోలు వైపు ఇంకో కన్నం. తొక్క తీయని జీడిపిక్కలు రైతు దగ్గర కొంటే రివర్స్ చార్జ్, పన్ను కొన్నవాళ్ళే కట్టాలి. ఆ కొనుగోలుకి రైతు ఈ-ఇన్వాయిస్ ఇవ్వడు, మీ జీఎస్టీఆర్-1లో ఉండదు, జీఎస్టీఆర్-3బీలో (పన్ను మొత్తాల రిటర్ను) మొత్తంగా ఒక్క వరుసలో వస్తుంది. మీ ముడిసరుకంతా అక్కడే ఉన్నప్పుడు, ఏ ఊరి రైతు దగ్గర ఎన్ని బస్తాలు ఏ ధరకి కొన్నారో ఆ జేసన్లలో వెతికితే ఏం దొరుకుతుంది?

అందుకే జీఎస్టీ జేసన్‌ని సరిచూసుకోవడానికి వాడండి. పుస్తకాల అమ్మకాలు, దానికి బ్రాంచ్ ట్రాన్స్‌ఫర్లు కలిపితే జేసన్ మొత్తానికి సరిపోవాలి. నెలనెలా ఈ ఒక్క సరిచూపు పెట్టుకున్నా ఏడాది చివర ఆడిటర్ ముందు తలవంచుకునే పని ఉండదు.

## ఎక్స్‌బీఆర్‌ఎల్: ఏడాదికోసారా, లోపలే వాడాలా

ఇది 1998లో చార్లెస్ హాఫ్‌మన్ అనే అమెరికన్ అకౌంటెంట్ ఆలోచనతో మొదలైంది. మన కంపెనీ వ్యవహారాల శాఖ 2010-11 ఆర్థిక సంవత్సరం లెక్కల నుంచి కొన్ని తరగతుల కంపెనీలకి తప్పనిసరి చేసింది. లిస్టెడ్ కంపెనీలు, వాటి భారతీయ సబ్సిడరీలు, పెయిడప్ క్యాపిటల్ 5 కోట్లు లేదా అంతకు మించి ఉన్నవి, టర్నోవర్ 100 కోట్లు లేదా పైన ఉన్నవి, ఇండ్ ఏఎస్ అనే అకౌంటింగ్ ప్రమాణాలు పాటించేవి ఇందులోకి వస్తాయి. బ్యాంకులు, ఇన్సూరెన్స్, ఎన్‌బీఎఫ్‌సీలకి మినహాయింపు ఉంది. ఒకసారి ఈ పరిధిలో ఫైల్ చేశాక తర్వాతి ఏళ్ళలో టర్నోవర్ తగ్గినా ఎక్స్‌బీఆర్‌ఎల్‌లోనే ఫైల్ చేస్తూ ఉండాలి. ఒక ఏడాది ధరలు పెరిగి 100 కోట్లు తాకే మిల్లులు ఇది గుర్తుపెట్టుకోవాలి. ప్రొప్రైటర్‌షిప్, భాగస్వామ్య సంస్థలకి ఇది వర్తించదు.

చాలా కంపెనీలు ఆడిట్ అయిపోయాక పీడీఎఫ్‌ని బయటి ఏజెన్సీకి పంపి, వాళ్ళు ట్యాగులు పెట్టిచ్చిన ఫైలు అప్‌లోడ్ చేసి చేతులు దులుపుకుంటాయి. చట్టం తృప్తి పడుతుంది. కంపెనీకి లోపల ఒరిగేది ఏమీ లేదు, పైగా ఏ లెడ్జర్ ఏ ట్యాగ్‌లోకి వెళ్ళిందో మీ ఆఫీసులో ఒక్కరికీ తెలియదు.

లోపలే వాడితే ఏం మారుతుందో ఒక అంకె దగ్గర చూడండి. మార్చి 31, 2025 నాటికి సరుకు నిల్వ 1,84,50,000 రూపాయలు అనుకుందాం. ఎక్సెల్‌లో అది ఒక గడిలో ఉన్న అంకె, దాని పక్కన ఏం రాసి ఉందో మనిషి చదివి అర్థం చేసుకోవాలి. ఎక్స్‌బీఆర్‌ఎల్‌లో ఆ అంకె తన వివరాలన్నీ వెంటబెట్టుకుని తిరుగుతుంది. ఏ అంశం, ఏ కంపెనీది, ఏ తేదీకి, ఏ కరెన్సీలో, ఎంతవరకు ఖచ్చితం. నిల్వ అనేది ఒక తేదీకి సంబంధించినది, అమ్మకాలు ఒక కాలానికి సంబంధించినవి. నిల్వకి పొరపాటున ఏప్రిల్ నుంచి మార్చి అని కాలం తగిలిస్తే వాలిడేటర్ (ఫైలులో తప్పులు పట్టే సాఫ్ట్‌వేర్) ఒప్పుకోదు. దగ్గరి లక్షకి రౌండ్ చేసిన అంకె అయితే డెసిమల్స్ అనే చోట మైనస్ 5 పెడతారు, అంటే లక్ష వరకు ఖచ్చితం అని, విలువ మాత్రం పూర్తి రూపాయల్లోనే రాయాలి. 184.50 అని లక్షల అంకె వేసి వదిలేస్తే కంపెనీ దగ్గర 184 రూపాయల సరుకుందని అర్థం. బ్యాంకుకి లక్షల్లో, పుస్తకాలు రూపాయల్లో, హెడ్డాఫీసుకి కోట్లలో రాసే అలవాటున్న మనకి ఈ ఒక్క క్రమశిక్షణే చాలా మేలు చేస్తుంది.

సరిహద్దులో ఉన్నవాళ్ళకి నాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి భాష. ఎక్స్‌బీఆర్‌ఎల్‌లో ఒక అంశానికి గుర్తు ఒకటే, దాని లేబుళ్ళు ఎన్ని భాషల్లోనైనా పెట్టుకోవచ్చు. సరుకు నిల్వ అనే అంశం పలాసలో తెలుగులో, రాయగడలో ఒడియాలో, సిరొంచలో మరాఠీలో కనబడుతుంది, లోపల కోడ్ మారదు. టాలీ పేర్ల దగ్గర చెప్పిన బరంపురం, బ్రహ్మపూర్ చిక్కు ఇక్కడ పుట్టదు. ఏ గుమస్తా తన భాష వదులుకోనక్కర్లేదు, నాకైతే ఇది చిన్న విషయం అనిపించదు.

కంపెనీ వ్యవహారాల శాఖ టాక్సానమీలో (ట్యాగుల అధికారిక జాబితాలో) కంపెనీలు సొంతంగా కొత్త ట్యాగులు చేర్చకూడదు, ఉన్నవాటిలోంచే ఎంచుకోవాలి. లోపలి వాడకానికి ఆ కట్టడి లేదు. ఇన్వెంటరీస్ కింద పిక్కలు, పప్పు, డబ్ల్యూ 240, డబ్ల్యూ 320 గ్రేడులు, బ్రాంచ్ అనే విభజన, ఇవన్నీ మీ సొంత పొడిగింపుగా పెట్టుకుని, మొత్తం మాత్రం శాఖ ట్యాగ్‌లో చేరేలా చూసుకోవచ్చు. అలా చేస్తే సెప్టెంబర్‌లో ఎవరికీ పీడీఎఫ్ పంపక్కర్లేదు, రిటర్ను మీ నెలవారీ రిపోర్టు కొసనే తయారవుతుంది. ఫైళ్ళు సరిచూడటానికి ఆరెల్ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది.

ఇబ్బంది కూడా చెప్పాలి. నేర్చుకోవడానికి నెలలు పడుతుంది. టాక్సానమీ మారినప్పుడల్లా మ్యాపింగ్ (ఏ లెడ్జర్ ఏ ట్యాగ్ అనే పట్టిక) తిరగరాయాలి. దీన్ని ఒక్క మనిషే నేర్చుకుంటే ఆ మనిషి వెళ్ళిన రోజు మీరు మళ్ళీ ఏజెన్సీ దగ్గరికే వెళ్తారు. ఇద్దరికి నేర్పించలేకపోతే మొదలుపెట్టకండి.

మధ్యే మార్గం ఒకటుంది. ఎక్స్‌బీఆర్‌ఎల్-సీఎస్‌వీ అని 2021లో ప్రమాణంగా వచ్చింది. అంకెలు మామూలు సీఎస్‌వీలో ఉంటాయి, ఏ నిలువు వరుస ఏ అంశమో చెప్పే వివరం పక్కన ఒక చిన్న జేసన్ ఫైలులో ఉంటుంది. గుమస్తా సీఎస్‌వీ వరకే చూస్తాడు, జేసన్ ఫైలు ఒక్కసారి తెలిసిన మనిషితో రాయించుకుంటే చాలు. ఎక్స్‌ఎంఎల్ భయం ఉన్నవాళ్ళకి నేనిదే చూపిస్తాను. ఎక్సెల్‌లో తెరిచి సేవ్ చేస్తే 0801 సంగతి మాత్రం ఇక్కడా మారదు.

## ఎక్స్‌బీఆర్‌ఎల్ జీఎల్ ఎవరికి

పైన చెప్పింది రిపోర్టుల స్థాయి. జీఎల్ అంటే గ్లోబల్ లెడ్జర్, ఇది జర్నల్ ఎంట్రీల స్థాయి. ఒక్కో ఎంట్రీ, ఖాతా, పార్టీ, ఇన్వాయిస్, పరిమాణం, పన్ను, అన్నిటికీ ప్రామాణికమైన చోటు ఉంటుంది. ఏ ఎంట్రీ చివరికి ఏ రిపోర్టు అంశంలోకి చేరుతుందో చెప్పే భాగం కూడా ఇందులోనే ఉంది, కాబట్టి బ్యాలెన్స్ షీట్ అంకె మీద నుంచి కిందికి, బిల్లు దాకా దిగవచ్చు. జపాన్‌లో వకోల్ అనే లోదుస్తుల కంపెనీ ఒకదానికొకటి పొసగని తన పాత సాఫ్ట్‌వేర్లని కలపడానికి దీన్ని వాడింది. వాటిని పీకెయ్యకుండా మధ్యలో అన్నిటికీ అర్థమయ్యే ఒక ఫార్మాట్ పెట్టింది.

మన వైపు ఇది కావలసినవాళ్ళు కొద్దిమందే. మిల్లులో వేబ్రిడ్జి సాఫ్ట్‌వేర్ ఒకటి, గోడౌన్‌కి ఇంకోటి, జీతాలకి వేరే, బ్రాంచీకో టాలీ, హెడ్డాఫీసులో ఈఆర్‌పీ (సంస్థ పనులన్నీ ఒకే చోట నడిపే సాఫ్ట్‌వేర్) ఉండి, వాటి మధ్య డేటా చేత్తో ఎక్కిస్తున్న పెద్ద సంస్థలు ఆలోచించాలి. రెండు సాఫ్ట్‌వేర్లే ఉంటే వద్దు, ఒకదానికొకటి నేరుగా కలపడమే చవక.

## మీరెవరైతే ఏది

ఒకే నంబరు, 5 కోట్ల లోపు టర్నోవర్, సొంత వ్యాపారం అయితే టాలీ, అలియాస్‌లో కోడ్లు, కిలోల్లో యూనిట్, అక్కడితో ఆగండి. మిగిలిన డబ్బు సరుకు మీద పెట్టుకోండి.

సరిహద్దుకి రెండు వైపులా నంబర్లున్న భాగస్వామ్య సంస్థలు, మనలో ఎక్కువమంది వీళ్ళే. మీకు ఎక్స్‌బీఆర్‌ఎల్ చట్టప్రకారం అక్కర్లేదు, ఇప్పుడప్పుడే కొనకండి. కానీ పది నిలువు వరుసల సీఎస్‌వీ ఒకటి ఖాయం చేసుకోండి: తేదీ, బ్రాంచ్ జీఎస్టీ నంబరు, ఖాతా కోడ్, పార్టీ, హెచ్‌ఎస్‌ఎన్, కిలోలు, విలువ, డెబిటో క్రెడిటో, బిల్లు నంబరు, సొంత బ్రాంచ్ ట్రాన్స్‌ఫరా కాదా. ఆ చివరి వరుసే మీకు ప్రాణం. దాని వల్లే పుస్తకాల టర్నోవర్, జీఎస్టీ టర్నోవర్ రెండూ ఒకే ఫైలులోంచి వస్తాయి. రేపు కంపెనీగా మారినా ఈ ఫైలుకి ఎక్స్‌బీఆర్‌ఎల్ తగిలించడం తేలిక.

ఎక్స్‌బీఆర్‌ఎల్ పరిధిలో ఉన్న కంపెనీలకి, ముఖ్యంగా పెద్ద గ్రూపుల సబ్సిడరీలకి, ఏడాదికోసారి బయట చేయించడం ఆపి మ్యాపింగ్ మీ దగ్గరికి తెచ్చుకోమంటాను. ఫైలింగ్ ఏజెన్సీతోనే చేయించండి ఫర్వాలేదు, కానీ ఏ లెడ్జర్ ఏ ట్యాగ్ అనే పట్టిక మీ చేతిలో ఉండాలి, ఒప్పందంలో అది రాయించుకోండి.

రాయగడ, కొరాపుట్ వైపు ప్రొడ్యూసర్ కంపెనీలు, సేవాసంస్థల సంగతి వేరు. వీళ్ళకి లావాదేవీలు తక్కువ, అడిగేవాళ్ళు ఎక్కువ. ఒక్కో దాత ఒక్కో ఫార్మాట్ అడుగుతాడు, విదేశీ విరాళం ఉంటే దాని వార్షిక రిటర్ను ఎఫ్‌సీ-4 వేరే. ప్రతి ఫార్మాట్‌కీ విడిగా లెక్క రాసుకుంటూ పోతే అసలు పనికి సమయం మిగలదు. ప్రతి ఎంట్రీకి దాత, జిల్లా, కార్యక్రమం అనే మూడు కోడ్లు తగిలించండి, ఏ ఫార్మాట్ అడిగినా అందులోంచే తీయవచ్చు. 2022 జూన్‌లో కేంద్రం 2,516 కోట్లతో 63,000 ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాల కంప్యూటరీకరణకి ఆమోదం ఇచ్చినప్పుడు పెట్టుకున్నది కూడా అన్నిటికీ ఒకే సాఫ్ట్‌వేర్, ఒకే అకౌంటింగ్ పద్ధతి అనే దారే.

## ఎప్పుడు మొదలుపెట్టాలి

కొత్త కోడ్లు ఏప్రిల్ 1 నుంచే అమల్లో పెట్టండి, ఏడాది మధ్యలో మార్చితే పోలికలు పోతాయి. పట్టీ మాత్రం జనవరిలోనే రాయడం మొదలెట్టాలి. షెడ్యూల్ 3 తలకట్టులు తీసుకుని వాటి కింద మీ ఖాతాలు సర్దండి, చాలా సంస్థలకి 100, 150 కోడ్లు మించవు. ఎవరు కొత్త కోడ్ తెరవవచ్చో ఒక్కరి పేరే రాసి పెట్టండి. ఫిబ్రవరి, మార్చి లెక్కలు పాత పద్ధతిలోనూ కొత్త పద్ధతిలోనూ తీసి పక్కపక్కన పెట్టి చూడండి, తేడా వచ్చిన ప్రతి చోటా కారణం రాసుకోండి. కంపెనీలైతే ఇంకో సంగతి, 2023 ఏప్రిల్ 1 నుంచి అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఎడిట్ లాగ్ తప్పనిసరి కాబట్టి లెడ్జర్లు మార్చిన ప్రతిసారీ అది రికార్డవుతుంది, ఎందుకు మార్చారో ఒక నోట్ డైరెక్టర్ సంతకంతో ఫైలులో ఉంచితే ఆడిటర్ అడిగినప్పుడు వెతుక్కోనక్కర్లేదు.